ఎయిర్‌బ్రష్‌తో వెంట్రుకవాసి గీత గీయడం ఎలా

చెన్నైలో హెల్మెట్ల మీద, మోటారుసైకిల్ ట్యాంకుల మీద బొమ్మలు వేయడం నేర్చుకుందామని, గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ కొన్న మనవాళ్లు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: సన్నని గీత రావాలంటే ఎన్నో నంబరు సూది కొనాలి? చేతిలో 0.3 మిల్లీమీటర్లది ఉంటే 0.2 కోసం, అది ఉంటే 0.18 కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డు నుంచి జార్జిటౌన్ దాకా దుకాణాలన్నీ తిరుగుతారు. సూది కొలత వల్ల కొంత తేడా వస్తుందన్నది నిజమే. అయితే రంగు పలుచన, గాలి ఒత్తిడి, బొమ్మకూ, రంగు బయటికి వచ్చే మొన అయిన నాజిల్‌కూ మధ్య దూరం, ట్రిగర్‌ను వెనక్కి లాగే మోతాదు అనే నాలుగూ కుదరని చేతిలో 0.18 సూది కూడా లావు గీతే గీస్తుంది, పైగా ఊరికే మూసుకుపోయి విసిగిస్తుంది. ఈ నాలుగూ కుదిరిన చేతిలో 0.3 సూది కనురెప్ప వెంట్రుకలను, పులి మీసాలను తేలికగా దించగలదు. కాబట్టి నేర్చుకునేవారు 0.3 సూది ఉన్న, రంగు పోసే కప్పు పైన ఉండే డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ ఒకటి దగ్గర పెట్టుకుని, కొత్త సూది కోసం దాచిన డబ్బును కాగితానికీ రంగుకూ ఖర్చు పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

డబుల్ యాక్షన్ పరికరంలో ట్రిగర్‌ను కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే సూది వెనక్కి జరిగి రంగుకు దారి ఇస్తుంది. నాజిల్ చుట్టూ వేగంగా పోయే గాలి అక్కడ ఒత్తిడిని తగ్గించడం వల్ల రంగు బయటికి లాగబడి తుంపరలుగా చెదురుతుంది. అమెరికాలో 1876లో స్టాన్లీ, 1879లో పీలర్, 1890ల మొదట్లో బర్డిక్ రూపొందించిన తొలినాటి పరికరాల నుంచి ఇప్పటిదాకా ఎన్ని మార్పులు వచ్చినా, గాలితో రంగును తుంపరలుగా చేయడమనే మూలం మారలేదు. సూది మొన కోసుగా సన్నబడుతూ వస్తుంది కాబట్టి, దానిని ఎంత తక్కువ వెనక్కి లాగితే అంత సన్నని సందు తెరుచుకుంటుంది. సన్నని గీతకు కావలసిన ఆ లాగుడు కంటికి కనిపించనంత స్వల్పంగా ఉంటుంది. చేయవలసిన సాధన అంతా ఆ స్వల్పమైన కదలికను వేలికి నేర్పడానికే.

గాలి, తేమ

మామూలుగా నేపథ్యపు రంగు వేయడానికి 20 నుంచి 25 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి సరిపోతుంది. సన్నని పనికి దానిని 10 నుంచి 15 పీఎస్ఐ మధ్యకు, అంటే సుమారు 0.7 నుంచి 1 బార్‌కు తగ్గించాలి. ఒత్తిడి ఎక్కువగా ఉంటే దగ్గర నుంచి కొట్టిన తడి రంగును ఆ గాలే నెట్టి పక్కలకు పాకిస్తుంది. గేజ్ మీద ముల్లును ట్రిగర్ వదిలి చూస్తే ఒక అంకె, నొక్కి గాలి పోతుండగా చూస్తే అంతకంటే తక్కువ అంకె కనిపిస్తాయి. మనకు కావలసింది ఈ రెండోది. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్‌లో పిస్టన్ కొట్టుకున్నప్పుడల్లా గాలి అదురుతుంది, ఆ అదురు సన్నని గీతలో పూసలు గుచ్చినట్టు కనబడుతుంది. అందుకే కనీసం 3 లీటర్ల ట్యాంకు ఉన్న కంప్రెసర్ తీసుకోవడం అవసరమని చెప్పక తప్పదు.

ఇక సముద్రం ఒడ్డున ఉండే ఊరిలో ఈ పనికి అసలు శత్రువు తేమ. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది, ఆ తరువాత ట్యాంకులోనూ గొట్టంలోనూ చల్లబడినప్పుడు దానిలోని నీటి ఆవిరి బొట్లుగా మారుతుంది. ఏడాది పొడవునా గాలిలో తేమ ఉండే చెన్నైలో, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గంటసేపు పని చేస్తే చాలు ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. కంప్రెసర్ పక్కనే బిగించిన, నీటిని పట్టి ఆపే మాయిశ్చర్ ట్రాప్ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి గాలి ఇంకా వేడిగానే ఉంటుంది; నీరు దానిని దాటిపోయి గొట్టంలో పేరుకుంటుంది. ఎయిర్‌బ్రష్ పిడి కింద మరొక చిన్న ఫిల్టర్ బిగించి, ట్రాప్‌కు ముందు గొట్టాన్ని కాస్త పొడుగ్గా చుట్టలు చుట్టి ఉంచి, పని ముగిసిన ప్రతిసారీ ట్యాంకు అడుగున ఉన్న మరను తిప్పి నీటిని వదిలేయాలి. రెండు గంటలు కష్టపడి వేసిన కంటి మీద ఒక్క నీటిబొట్టు ఉమ్మినట్టు పడితే, దానిని సరిచేయడం కంటే మళ్లీ మొదటినుంచి వేయడమే సులువు.

రంగు

సన్నని గీతకు రంగు ఎంత పలుచగా ఉండాలో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది: కప్పు గోడ మీదికి రంగును కుంచెతో ఎగదోస్తే అది వెన్న తీసిన పాలలాగా జారి, వెనుక పలుచని పొరను మిగల్చాలి. ఎయిర్‌బ్రష్ కోసమే తయారైన యాక్రిలిక్ రంగు అయితే రంగుకు సమానంగా థిన్నర్ కలపడంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ కాగితం మీద పరీక్షించుకోవాలి. ట్యూబులో వచ్చే చిత్రకారుల యాక్రిలిక్‌లో రంగు రేణువులు ముతకగా ఉంటాయి కనుక దానిని 0.3 సూదికి వాడదలచుకుంటే ముందు సన్నని నైలాన్ గుడ్డతో వడకట్టడం తప్పనిసరి. థిన్నర్‌గా కంపెనీ ఇచ్చినదే వాడటం మేలు. వట్టి నీళ్లు పోస్తే నున్నని హెల్మెట్ మీద రంగు అతుక్కోక ముత్యాల్లా విడిపోతుంది. నీటితో పలుచన చేయక తప్పని రంగులకు కూడా చెన్నైలో చాలాచోట్ల దొరికే ఉప్పదనపు బోరునీళ్లు కాకుండా, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. సీసా ఒకటి కొంటే నెలల తరబడి వస్తుంది.

చాలామంది ఇక్కడే ఒక విషయం దగ్గర తడబడతారు. రంగును ఇంతగా పలుచన చేసిన తరువాత ఒక్కసారి గీసిన గీత లేతగానే ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. ఒక్క గీతతోనే నల్లగా రావాలని ట్రిగర్‌ను ఇంకాస్త లాగినవారికి గీత లావెక్కి, చివరకు తడి పాకుతుంది. అదే గీత మీద అదే దారిలో మూడు నాలుగు సార్లు తేలికగా పోతే, పొర మీద పొర ఎండుతూ గీత ముదురుతుంది కానీ వెడల్పు పెరగదు. ఇందుకు పారదర్శకమైన రంగులే అనువైనవి, ఎందుకంటే వాటి రేణువులు సన్నగా ఉంటాయి, కింది పొరను మూసివేయవు. తెలుపు రంగులో ఉండే టైటానియం రేణువులు ముతకవి కాబట్టి అది నాజిల్‌ను త్వరగా మూస్తుంది. తెల్లటి మెరుపులు కావలసిన చోట అడుగు తెలుపును అలాగే వదిలేయడం, లేదా ఎండిన రంగును సన్నని బ్లేడు మొనతో గీకి తెలుపును బయటికి తీయడం చేసి, తెల్ల రంగు కొట్టడాన్ని చివరి దశకు వాయిదా వేసుకోవాలి.

సూది మొన మీద రంగు ఎండి గడ్డకట్టడం మరొక బాధ. బయటి తేమ గాలిలో ఇది కొంత తక్కువే కానీ, ఉక్కపోతకు తట్టుకోలేక ఏసీ గదిలోనో ఫ్యాను కిందనో కూర్చుని పని చేసేవారికి పది నిమిషాల్లోనే మొదలవుతుంది. గాలి నేరుగా ఎయిర్‌బ్రష్ మీదికి కొట్టకుండా కూర్చోవడం, పక్కన క్లీనర్‌లో ముంచిన మెత్తని కుంచెను ఉంచుకుని రెండు మూడు నిమిషాలకోసారి సూది మొనను తుడవడం అలవాటు చేసుకోవాలి. రంగు ఎండటాన్ని ఆలస్యం చేసే రిటార్డర్‌ను కప్పుకు ఒకటి రెండు చుక్కలకు మించి వేయకూడదు; వానాకాలంలో అయితే అసలు వేయకపోవడమే మంచిది, లేకపోతే పొర ఎంతసేపటికీ ఆరక మీది పొరను పాడుచేస్తుంది.

చేయి, వేలు

కుర్చీలో వెన్ను నిటారుగా ఉంచి, మోచేతిని శరీరానికి దగ్గరగా పెట్టుకుని, రెండో చేతి వేళ్లను ఎయిర్‌బ్రష్ పట్టుకున్న మణికట్టు కింద ఆనించి కూర్చోవాలి. గొట్టం వేలాడుతూ చేతిని కిందికి లాగకుండా దానిని ముంజేతికి ఒక చుట్టు చుట్టుకుంటే బరువు తగ్గుతుంది. చిన్న వంపులకు మణికట్టు చాలు. బారెడు గీతలకు మాత్రం మణికట్టును బిగబట్టి భుజం నుంచి చేతిని కదపాలి. మణికట్టుతో గీసిన పొడవు గీత వంపు తిరుగుతుంది, పైగా దూరం మారడం వల్ల మధ్యలో సన్నగా, అంచుల్లో లావుగా వస్తుంది.

ట్రిగర్ మీద చూపుడు వేలి మెత్తని భాగం ఆనాలి, వేలు ఎప్పుడూ పైకి లేవకూడదు. ఎన్ని వందల గీతలు గీసినా వరుస ఒక్కటే: ముందు కిందికి నొక్కి గాలి వదలాలి, చేతిని కదపడం మొదలుపెట్టాలి, కదులుతూ ఉండగా ట్రిగర్‌ను కొద్దిగా వెనక్కి లాగాలి, గీత ముగిసే ముందే ట్రిగర్‌ను ముందుకు తోసి రంగు ఆపాలి, చేయి ఇంకా కదులుతూ ఉండగానే చివరగా గాలి ఆపాలి. రంగు తెరిచి ఉండగానే గాలి ఆపినవారి నాజిల్ మీద ఒక బొట్టు నిలుస్తుంది, అది తరువాతి గీత మొదట్లో ఉమ్ములా పడుతుంది. చేయి కదలకముందే రంగు వదిలితే గీత మొదట్లో, చేయి ఆగాక రంగు ఆపితే గీత చివర గుండ్రని బుడిపె వస్తుంది. కొన్ని ఎయిర్‌బ్రష్‌ల పిడి చివర ట్రిగర్ ఎంతవరకు వెనక్కి పోవాలో నిర్ణయించే మర ఉంటుంది. కొత్తవారు దానిని మొదట్లో వాడుకోవచ్చు కానీ, దాని మీదే ఆధారపడితే వేలికి కొలత అబ్బదు.

సాధన

నున్నని మందపాటి కాగితాన్ని గోడకు, కంటి ఎత్తున టేపుతో అంటించాలి. ముతక కాగితం నూలుపోగులు రంగును పీల్చి పాకిస్తాయి కాబట్టి అది మొదటి రోజునుంచే చేతిని తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి సాధన చుక్కలు. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, మైలాపూరు మాడ వీధుల్లో వేసే చుక్కల ముగ్గును నమూనాగా తీసుకోవడం మనకు సులభం. పెన్సిలుతో 2 సెంటీమీటర్ల ఎడంలో 7 వరుసలు, వరుసకు 7 చొప్పున గుర్తులు పెట్టుకుని, ప్రతి గుర్తు మీద ఒకే పరిమాణంలో చుక్క కొట్టాలి. నాజిల్ కాగితానికి 1 సెంటీమీటరు దూరంలో ఉండాలి. గాలి తెరిచే ఉంచి, వేలు ఒక్క క్షణం వెనక్కి పోయి ముందుకు రావాలి. చుక్కలన్నీ ఆవగింజంత, ఒకే ముదురు రంగులో వచ్చేదాకా ఇదొక్కటే చేయాలి. చుక్క చుట్టూ కాళ్లు పుట్టినట్టు రంగు పాకితే దూరానికి మించి రంగు వచ్చిందన్నమాట.

తరువాత ఆ చుక్కలను కలపకుండా వాటి చుట్టూ తిరిగే మెలికల ముగ్గు వేయాలి. తమిళులు దీనినే సిక్కు కోలం అంటారు. ఎయిర్‌బ్రష్ నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలిసినంతలో లేదు, ఎందుకంటే చేయి ఆగకుండా వంపు తిరుగుతూనే ఉండాలి, చుక్కకు తగలకూడదు, గీత తనను తాను దాటుతున్నప్పుడు లావెక్కకూడదు, మలుపు దగ్గర వేగం తగ్గినప్పుడు వేలు దానికి తగినంత ముందుకు జరగాలి. చేతి వేగానికీ వేలి లాగుడుకూ మధ్య ఉండవలసిన ఈ జోడీ నిలువు గీతలు ఎన్ని గీసినా ఇంత త్వరగా పట్టుబడదు. గీత పట్టుబడ్డాక చుక్కల ఎడాన్ని 2 సెంటీమీటర్ల నుంచి 1 సెంటీమీటరుకు, ఆ పైన అర సెంటీమీటరుకు తగ్గించుకుంటూ పోవాలి. ఎడం తగ్గే కొద్దీ నాజిల్‌ను కూడా కాగితానికి 5 మిల్లీమీటర్ల దాకా దగ్గరగా తేవాలి.

మూడోది ఒక చివర లావుగా మొదలై రెండో చివర మొనతేలే బాకు గీత. నాజిల్‌ను 3 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ట్రిగర్‌ను కొంత లాగి మొదలుపెట్టి, చేయి ముందుకు పోతూ కాగితానికి దగ్గరవుతూ ఉండగా ట్రిగర్‌ను నెమ్మదిగా మూసుకుంటూ రావాలి. వెంట్రుక, ఈక, ఆకు ఈనె, మంట నాలుక, కనురెప్ప అన్నీ ఈ ఒక్క గీత నుంచే పుడతాయి. ఎడమకు, కుడికి, పైకి, కిందికి నాలుగు దిక్కులా ఇవి సమానంగా రావాలి. చాలామందికి కిందికి లాగేవి త్వరగా వస్తాయి, పైకి తోసేవి మొండికేస్తాయి.

చివరగా అక్షరాలు. ఠ, ఉ, య, ఋ వంటి గుండ్రని తెలుగు అక్షరాలను అంగుళం ఎత్తున, ఆ తరువాత అర అంగుళం ఎత్తున, చేతిని మధ్యలో ఆపకుండా రాయాలి. తలకట్టు మొదలయ్యే చోట గీత మొనతేలి ఉండేలా రాయగలిగితే బాకు గీత అబ్బినట్టే.

రోజుకు అరగంట చొప్పున వరుసగా చేసే సాధన, ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు చేసేదానికంటే మేలు.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

గీత గరుకుగా, ఇసుక చల్లినట్టు వస్తే రంగు చిక్కగా ఉందనో, ఒత్తిడి మరీ తక్కువైందనో, సూది మొన మీద రంగు ఎండిందనో అర్థం. మొదట మొన తుడవాలి, ఆ పైన రంగును ఇంకాస్త పలుచన చేయాలి, అప్పటికీ పోకపోతేనే ఒత్తిడిని ఒకటి రెండు పీఎస్ఐ పెంచాలి. ఈ వరుసను తిరగేస్తే మూడు చోట్లా మార్పులు జరిగి అసలు కారణం తెలియకుండా పోతుంది. రంగు జెర్రికాళ్లలా పక్కలకు పాకుతుంటే దీనికి ఎదురు: రంగు మరీ నీళ్లగా ఉందో, ఎక్కువ లాగుతున్నారో, చేయి నెమ్మదిగా కదులుతోందో చూసుకోవాలి. గీత ఎప్పుడూ ఒక పక్కకే చెదురుతుంటే సూది మొన వంగింది. ట్రిగర్ లాగకపోయినా రంగు వస్తుంటే సూది నాజిల్‌లో పూర్తిగా కూర్చోలేదు, లేదా నాజిల్‌లో ఎండిన రంగు అడ్డుపడింది. కప్పులో బుడగలు లేస్తుంటే గాలి వెనక్కి తంతోందన్నమాట. నాజిల్ వదులుగా ఉండటం, దాని కింద బిగింపు సరిగా లేకపోవడం, లేదా నాజిల్ చీలడం వీటిలో ఏదో ఒకటి కారణం.

బొమ్మ మీదికి

హెల్మెట్ మీద పని మొదలుపెట్టే ముందు పాత పొరను 800 నుంచి 1000 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) మెరుపు పోయేదాకా రుద్ది, తుడిచి, ఆరబెట్టాలి. పులి ముఖం వేస్తున్నారనుకుందాం. ముందు ముఖపు రూపం, నీడలు లేతగా దూరం నుంచి వేసుకుని, ఆ తరువాత వెంట్రుకలు పెరిగే దిశను పెన్సిలుతో బాణం గుర్తులుగా పెట్టుకోవాలి. ముక్కు మీద వెంట్రుకలు పొట్టిగా, చెక్కిళ్ల దగ్గర పొడవుగా, బయటికి వాలుతూ ఉంటాయి. ఈ దిశ తప్పితే గీత ఎంత సన్నగా ఉన్నా బొమ్మ పులిలా కనిపించదు. ముదురు గోధుమ రంగులో బాకు గీతల మొదటి వరుస వేసి, దాని మీద పారదర్శకమైన పసుపు, నారింజ రంగులను పొగలా చల్లి, మళ్లీ వెంట్రుకలు, మళ్లీ పలుచని రంగు, ఇలా మూడు నాలుగు విడతలు పోతే లోతు వస్తుంది. మధ్య మధ్య బ్లేడు మొనతో కొన్ని వెంట్రుకలను గీకి తీస్తే ఆ లేత వెంట్రుకలు పైకి తేలతాయి. కంటి గుడ్డులోని గీతలు నల్లని పాప నుంచి బయటికి పోయే పొట్టి బాకు గీతలు. కంటి మెరుపుకు తెల్లచుక్క అన్నిటికంటే చివర, ఒక్కటే కొట్టాలి. నాజిల్ ముందున్న సూది టోపీని తీసేస్తే ఇంకా దగ్గరకు పోవచ్చు, అయితే మొన ఎక్కడ తగిలినా వంగుతుంది కాబట్టి చేయి స్థిరపడిన తరువాతే ఆ సాహసం చేయాలి. ఒకప్పుడు మౌంట్ రోడ్డు మీద నిలిచిన సినిమా కటౌట్లకు ఇంత సన్నని పని అక్కరలేదు, వాటిని చూసేవారు రోడ్డు అవతల ఉండేవారు. హెల్మెట్‌ను మాత్రం చేతిలోకి తీసుకుని అంగుళం దూరం నుంచి చూస్తారు.

నీటి యాక్రిలిక్ కొట్టినా ధూళిని ఆపే మాస్కు ఉండాలి. థిన్నర్ ఆధారిత రంగులకు రసాయన ఆవిర్లను పీల్చుకునే కార్ట్రిడ్జ్ మాస్కు, బయటికి గాలి తోసే ఏర్పాటు కావాలి. ఆ ఆవిర్లు మండే స్వభావం కలవి కనుక దగ్గరలో దీపం గానీ నిప్పురవ్వ గానీ ఉండకూడదు. చివర మీద కొట్టే, హార్డెనర్ కలిపే పారదర్శకమైన పొర అయిన 2కే క్లియర్ కోటులోని ఐసోసయనేట్లనే రసాయనాలకు మామూలు మాస్కు చాలదు, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. అందుకే క్లియర్ కోటు పనిని ఇంటి గదిలో పెట్టుకోకుండా, స్ప్రే బూత్ ఉన్న పెయింటింగ్ షాపుకు అప్పగించడమే సరైనది.

పని అయ్యాక

కప్పులో మిగిలిన రంగు పారబోసి, క్లీనర్ పోసి, గుడ్డ మీదికి కొడుతూ రంగు పూర్తిగా పోయేదాకా కడగాలి. ఆ తరువాత సూదిని వెనక్కి లాగి తీసి, తుడిచేటప్పుడు ఎప్పుడూ పిడి వైపు నుంచి మొన వైపుకే తుడవాలి. తిరిగి పెట్టేటప్పుడు నాజిల్‌కు తగిలిన చోట ఆపాలి, తోయకూడదు. నాజిల్‌ను కూడా పానాతో గట్టిగా బిగించకూడదు, ఆ చిన్న మర సులువుగా తెగుతుంది. సూది మొన వంగిందేమోనన్న అనుమానం ఉంటే దానిని బొటనవేలి గోరు మీద వాలుగా పెట్టి తిప్పుతూ మెల్లగా లాగాలి, కొక్కెం ఉంటే గోరుకు తగులుతుంది. కొద్దిపాటి వంపు అయితే 2000 నంబరు నీటి కాగితం మీద సూదిని పడుకోబెట్టి, గుండ్రంగా తిప్పుతూ మొన వైపుకు లాగి సరిచేయవచ్చు. వంగిన సూదిని అలాగే తోసినందువల్ల నాజిల్ అంచు సాగినా, చీలినా దానికి మరమ్మతు లేదు, కొత్త నాజిల్ వేయవలసిందే. అందుకే ఎయిర్‌బ్రష్ కొనేటప్పుడే అదే నంబరు నాజిల్, సూది ఒక్కొక్కటి అదనంగా కొని పెట్టుకోవాలి.